పాలకొల్లు కుర్రాడు, బెర్లిన్ కెమెరా

1983. పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం. ట్రంపెట్లు, శాక్సఫోన్లు మోగే చోట పద్నాలుగేళ్ల కుర్రాడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో చిన్న ఎలక్ట్రిక్ మాండలిన్. పేరు ఉప్పలపు శ్రీనివాస్. పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో.

వేదిక కింద కెమెరాతో నిలబడ్డ మనిషిని ఒకసారి ఊహించుకుందాం. అతని చిక్కు జాజ్ ఫొటోలు తీసే ప్రతివాడికీ తెలిసిందే. ఫ్లాష్ వెయ్యకూడదు, వాయించేవాడి ధ్యాస చెదురుతుంది. ఉన్న వెలుగే గతి. 400 స్పీడు నలుపు తెలుపు ఫిల్మును 1600 అనుకుని తీసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి ఆ లోటు పూడ్చుకోవాలి. రోలుకు 36 ఫ్రేములే.

అసలు తియ్యడానికేముంది? ట్రంపెట్ ఊదేవాడికైతే బుగ్గలు ఉబ్బుతాయి, మెడనరాలు తేలతాయి. 1948లో న్యూయార్క్ రాయల్ రూస్ట్ క్లబ్బులో హెర్మన్ లెనర్డ్ తీసిన డెక్స్టర్ గోర్డన్ బొమ్మలో శాక్సఫోన్ కంటే ముందు సిగరెట్ పొగే కంటపడుతుంది. ఈ కుర్రాడి దగ్గర అవేవీ లేవు. ఒళ్లు కదలదు. మొహాన చిరునవ్వు. కదిలేవల్లా వేళ్లే.

ఆ వేళ్ల వెనక కథ ఉంది. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. జాజ్ తొలినాళ్ల నుంచీ ఊదిన వాద్యం ఆ ఇంట్లో ముందే ఉందన్నమాట! గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీదికి దింపేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. మాండలిన్‌కుండే జంట తీగల బదులు ఒంటి తీగలు ఐదు బిగించుకున్నాడు. గాత్రంలో స్వరాన్ని ఊపి పలికించే గమకం వాద్యంలోనూ పలకాలి మరి.

గమకాన్ని ఫొటో తియ్యడమెలా? షట్టరు 1/250 పెడితే ఎడమచెయ్యి బిగుసుకుపోతుంది, బొమ్మలో పాట ఉండదు. 1/15కి దిగితే మొహం కూడా అలుక్కుపోయే ప్రమాదం. 1/60 దగ్గర కళ్లు నిలిచి, వేళ్లు కాస్త చెదురుతాయి. నాకు ఆ చెదురే ఇష్టం. గమకం కంటికి కనబడేది అక్కడే.

ఎప్పుడు నొక్కాలన్నది చెవి చెప్పాలి. ముగింపుగా మూడుసార్లు వచ్చే ముక్తాయింపు చివరిసారి తిరుగుతున్నప్పుడు సమం, అంటే తాళం మొదటి దెబ్బ, ఎక్కడ పడుతుందో తెలిసినవాడి వేలు క్షణం ముందే సిద్ధంగా ఉంటుంది. దెబ్బ విన్నాక నొక్కితే ఆ మొహం అప్పటికే మారిపోతుంది. జాజ్ ఫొటోగ్రాఫర్‌కు తాళాల పేర్లు తెలియకపోవచ్చు. అప్పటికప్పుడు అల్లే సంగీతం ఎటు మలుపు తిరుగుతుందో పసిగట్టడం మాత్రం వాడి వృత్తి. ఆ రాత్రి బెర్లిన్ శ్రోతలకూ అదే చెవి పనికొచ్చింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కచేరీ అనుకున్న సమయం దాటిపోయింది.

జాజ్‌తో శ్రీనివాస్ బంధం ఆ రాత్రితో ఆగలేదు. 1969 ఫిబ్రవరి 18న జాన్ మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్‌లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డింగ్‌కు గిటార్ వాయించాడు. సరిగ్గా పదిరోజులకు శ్రీనివాస్ పుట్టారు. తర్వాత వాళ్లిద్దరూ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఆ కచేరీల ఫొటోల్లో నేను ముందు వెతికేది వాయిస్తున్నవారిని కాదు, పక్కన వింటున్నవారిని. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే కన్నుమూశారు.

రాజమండ్రిలోనో పాలకొల్లులోనో కచేరీకి కెమెరా పట్టుకెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జ్యోతి వెలిగించడం, శాలువా కప్పడం అయ్యాక బ్యాగు సర్దెయ్యకండి. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం దాకా ఉండండి. అందరి చూపూ మృదంగం మీద ఉన్నప్పుడు లెన్సును ప్రధాన విద్వాంసుడి వైపు తిప్పండి. వాద్యం ఒళ్లో పెట్టుకుని, చేత్తో తాళం వేస్తూ వింటుంటారు, అప్పుడు తియ్యండి. ఇంటికెళ్లాక ఆ ఫొటో వెనక ఊరు, తేదీతో పాటు మృదంగం ఎవరో, ఘటం ఎవరో కూడా రాసిపెట్టండి.