గేమ్ కన్సోల్ నిల్వ సామర్థ్యం

గేమ్ కన్సోల్ నిల్వ సామర్థ్యం అనగా టెలివిజనుకు కలిపి ఆడే వీడియో గేమ్ యంత్రంలో ఆటలను, ఆట ఆపిన స్థితిని భద్రపరచుటకు గల చోటు. దీనిని గిగాబైట్లలో, టెరాబైట్లలో కొలుస్తారు. 1 టెరాబైటు 1000 గిగాబైట్లకు సమానం. చాలా కన్సోళ్ళు ఒకటి కంటే ఎక్కువ పరిమాణాలలో లభించుట వలన కొనేవారు ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది.

చరిత్ర

2000లో విడుదలైన ప్లేస్టేషన్ 2లో ఆట నేరుగా డిస్కు నుండే నడిచేది. ఆట స్థితిని దాచుటకు 8 మెగాబైట్ల మెమొరీ కార్డు సరిపోయేది. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించగా 2009లో వెలువడిన "హనుమాన్: బాయ్ వారియర్" ఈ యంత్రం కొరకు చేసినదే. 2001 నాటి ఎక్స్‌బాక్స్‌లో హార్డ్ డిస్కును లోపలే అమర్చారు. 2006లో ప్లేస్టేషన్ 3 20, 60 గిగాబైట్ల రకాలుగా వచ్చింది. చిన్న రకంలో వై-ఫై కూడా లేదు. కనుక తక్కువ నిల్వ గల రకంలో ఇంకా ఏమి తగ్గించారో చూడవలెను.

పెట్టెపై అంకె, వాడుకకు మిగిలేది

పెట్టెపై ముద్రించిన అంకె మొత్తం ఆటలకు దక్కదు. కన్సోలును నడిపించే సాఫ్ట్‌వేరుకు కొంత చోటు పోతుంది. 2020 నాటి ప్లేస్టేషన్ 5లో 825 గిగాబైట్లకు గాను సుమారు 667, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 512 గిగాబైట్ల రకంలో సుమారు 364 మాత్రమే మిగిలాయి. కాల్ ఆఫ్ డ్యూటీ వరుసలో కొన్ని ఆటలు ఒక్కొక్కటి 100 గిగాబైట్లు దాటుతాయి. అటువంటివి మూడు చేరితే సిరీస్ ఎస్ దాదాపు నిండినట్లే. డిస్కు కొన్నంత మాత్రాన చోటు మిగలదు, ప్లేస్టేషన్ 5లో డిస్కులోని ఆటను కూడా లోపలికి ఎక్కించవలసిందే.

భారతదేశంలో ప్లేస్టేషన్ 5 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు విడుదలైంది, డిస్కు పెట్టే వీలులేని రకం ధరను అప్పట్లో 39,990 రూపాయలుగా నిర్ణయించారు. రెండింటిలో నిల్వ ఒక్కటే, తేడా డిస్కు డ్రైవుది. ఆడిన డిస్కును తిరిగి అమ్మవచ్చు, దించుకున్న ఆటను అమ్మలేము. విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటర్నెట్ వేగం

చోటు చాలనప్పుడు ఒక ఆటను తొలగించి, కావలసినపుడు మరల దించుకోవచ్చు. ఈ ఉపాయం ఇంటిలోని ఇంటర్నెట్‌పై ఆధారపడి ఉంటుంది. 2017లో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తొలి పథకం నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఇచ్చింది. ఆ వేగం ఎక్కడా తగ్గకపోయినా 100 గిగాబైట్ల ఆటకు దాదాపు 15 గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల వేగంతో రెండు గంటల పైచిలుకు చాలు. పథకంలో రోజువారీ లేదా నెలవారీ పరిమితి ఉంటే దానిని కూడా లెక్కించాలి. కావున విజయవాడలో వేగవంతమైన కనెక్షను గల ఇంటికి చిన్న పరిమాణం సరిపోవచ్చు. దివిసీమ పల్లెలో మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే ఇంటికి పెద్దదే మేలు.

తరువాత పెంచుకొనుట

ప్లేస్టేషన్ 5లో 2021 సెప్టెంబరు నుండి ఎం.2 రకపు ఎస్‌ఎస్‌డిని అదనంగా అమర్చుకోవచ్చు. ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు ప్రత్యేక కార్డు కావాలి. నింటెండో స్విచ్‌కు సాధారణ మైక్రో ఎస్‌డి కార్డు చాలును గాని, 2025లో వచ్చిన స్విచ్ 2 ఆటలకు మైక్రో ఎస్‌డి ఎక్స్‌ప్రెస్ కార్డే ఉండాలి. యూఎస్‌బి హార్డ్ డిస్కులో ప్లేస్టేషన్ 5 ఆటలను దాచవచ్చు, అక్కడి నుండి ఆడలేము. ప్లేస్టేషన్ 4 ఆటలను మాత్రం ఆడవచ్చు. కొనే ముందు రెండు పరిమాణాల ధరల తేడాను, అదనపు కార్డు లేదా ఎస్‌ఎస్‌డి ధరతో పోల్చి చూడవలెను.