సంఘం ఫోన్ మోగాలి: ట్రంక్ కాల్ నుంచి మిద్దె మీది 5జి డబ్బా దాకా



పోయిన నెల మీటింగులో మన ఆఫీసు ఫోన్ మాట వచ్చింది. రాగి తీగ లైను చచ్చి చాలా నాళ్ళయింది. "మిద్దె మీద 5జి డబ్బా పెట్టిద్దాం, దాని మీద ఇంటర్నెట్ ఫోన్ నడుపుకుందాం, ఖర్చు తక్కువ" అని మన పిల్లలు అన్నారు. "అర్ధరాత్రి కష్టం వస్తే మోగుతుందా అది?" అని పెద్దలు అడిగారు. రెండు మాటలూ న్యాయమైనవే. తేల్చుకునే ముందు మన ఊరికి కబురు ఎట్లా వచ్చేదో ఒకసారి వెనక్కి చూద్దాం. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన బంగారుపేట పేరులో బంగారం తర్వాత చేరింది. 1862 నుంచి 1870 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న లూయిన్ బెంథామ్ బౌరింగ్ పేరు మీద ఇది బౌరింగ్‌పేట. 1864లో బెంగళూరు నుంచి జోలార్‌పేటకు రైలు పడింది. 1894లో ఇక్కడి నుంచి గనులకు కొమ్మ లైను వేశారు. అప్పట్లో దూరం నుంచి త్వరగా కబురు రావాలంటే టెలిగ్రాం ఒక్కటే దారి. తంతి వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవని మా అవ్వ చెప్పేది.

1902 జూన్‌లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధులకు కరెంటు దీపాలు వచ్చింది 1905లో. అంటే కరెంటులో మనమే ముందు. ఫోన్‌లో మాత్రం కాదు. 1882లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు తెరిచినా, మామూలు జనం ఇళ్ళకు ఫోన్ రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

ట్రంక్ కాల్ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. బుక్ చేసి గంటల తరబడి కూర్చోవాలి. 1960లో లక్నో, కాన్పూరు మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చింది. 1984లో సి-డాట్ సంస్థ పెట్టారు. ఎ.సి. గది అక్కరలేకుండా, మన ఎండకు, దుమ్ముకు తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసి, 1986లో మొదటిది మన కర్ణాటకలోనే, కిత్తూరులో పెట్టారు. ఆ తర్వాతే సందు సందునా పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని జనం వరుసలో నిలబడేవాళ్ళు. మీటరు మీద ఒక కన్ను, మాట మీద ఒక మనసు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. ఆ తర్వాత మన ఇళ్ళ మగవాళ్ళు, ఆడపిల్లలు పొద్దున్నే బెంగళూరు రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే బతుకు మొదలైంది. ఇంట్లో మిగిలింది ముసలివాళ్ళు. వాళ్ళకు జ్వరమొచ్చినా, ఎవరైనా పోయినా, ముందు చేసేది సంఘం నంబరుకే. మన పంచాంగం క్యాలెండరు మీద అచ్చయ్యేది ఆ నంబరే.

ఇంటర్నెట్ మీద మాట్లాడటానికి మన దేశంలో 2002 ఏప్రిల్ 1న చట్టం ఒప్పుకుంది. అదీ సగమే. కంప్యూటరు నుంచి విదేశీ ఫోన్‌కు చేయొచ్చు, దేశంలోని మామూలు ఫోన్‌కు చేయకూడదు. అమెరికాలో ఉన్న మేనల్లుడితో సైబర్ కేఫ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, "వినపడుతుందా నాయనా?" అని అరిచిన రోజులవి. దేశంలోని నంబర్లకు కూడా లైసెన్సు ఉన్న కంపెనీలు ఇంటర్నెట్ ఫోన్ ఇవ్వొచ్చని తేలింది 2018లో. 2022 అక్టోబరులో 5జి వచ్చింది. 2023లో ఇళ్ళ మీద డబ్బా బిగించి గాలిలో బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలైంది.

ఇప్పుడు అసలు సంగతి. అలాంటి డబ్బా నేనూ మా ఇంట్లో పెట్టించి, దాని మీద వేరే కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ నడిపాను. ఇక్కడి నుంచి చేస్తే గొంతు గంటలా ఉంది. బయటివాళ్ళు చేస్తే మాత్రం ఒక్కోసారి మోగదు. మా అక్క మూడుసార్లు చేసి, భయపడి పక్కింటివాళ్ళను పంపింది.

కారణం వెతికితే తెలిసింది. మొబైల్ నెట్‌వర్కులో వేల ఇళ్ళకు కలిపి బయటికి ఒకటే అడ్రసు ఉంటుంది. ఉమ్మడి ఇంటికి ఒకటే వాకిలి, కాపలావాడు ఒకడు అనుకోండి. మనం బయటికి పోతే గుర్తుపెట్టుకుంటాడు. కొంతసేపు కదలిక లేకపోతే మరిచిపోయి తలుపు వేసేస్తాడు. అప్పుడు వచ్చిన కాల్ ఏ గదికి పోవాలో తెలియక బయటే ఆగిపోతుంది. ఫోన్ సెట్టింగుల్లో 25, 30 సెకన్లకొకసారి "నేనున్నాను" అని పలకరించేట్టు పెడితే చాలావరకు సరిపోతుంది. మాది అట్లాగే సర్దుకుంది.

రెండోది కరెంటు. పాత ల్యాండ్‌లైనుకు 48 వోల్టులు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచే తీగలో వచ్చేది. ఇంట్లో దీపం ఆరినా ఫోన్ పలికేది. ఈ డబ్బాకు, రౌటరుకు, ఫోన్‌కు మూడింటికీ మన ఇంటి కరెంటే కావాలి. 1902లో కరెంటు చూసిన ప్రాంతమే అయినా, కోత మనకు కొత్త కాదు కదా!

మూడోది నంబరు. 2011 నుంచి మొబైల్ నంబరును దేశమంతటా కంపెనీ మార్చుకుని ఉంచుకోవచ్చు. ల్యాండ్‌లైనుకు ఆ వీలు లేదు.

కాబట్టి నా మనవి ఇది. డబ్బా పెట్టిద్దాం, పిల్లల మాట కాదనొద్దు. కానీ ఫోన్ కనెక్షన్ ఆ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఇచ్చేదే తీసుకుందాం. వాళ్ళ గొంతు వాళ్ళ నెట్‌వర్కు లోపలే పోతుంది, వాకిలి గొడవ తక్కువ. రౌటరుకు, డబ్బాకు కలిపి చిన్న యు.పి.ఎస్. కొందాం. పక్కనే ఒక మామూలు కీప్యాడ్ మొబైలు వేరే కంపెనీ సిమ్‌తో పెట్టి, 112కు, అంబులెన్సుకు దాని నుంచే చేద్దాం. ఇంటర్నెట్ ఫోన్ మనం ఎక్కడున్నామో చెప్పగలదన్న నమ్మకం లేదు. క్యాలెండరు మీద అచ్చేసేది ఆ మొబైలు నంబరే అయితే, రేపు కంపెనీ మారినా నంబరు మారదు.

ఒక నెల రోజులు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని మోగలేదు అని పుస్తకంలో రాద్దాం. ఆ పుస్తకం చూసి వచ్చే మీటింగులో తేల్చుకుందాం. రాసే పని నేను చేస్తాను. మధ్యాహ్నాలు ఆఫీసులో కూర్చోగలిగిన పెద్దలు ఇద్దరు కావాలి, కింద పేరు రాయండి.