చిల్లుల అట్టలు, సిరిసిల్ల సాంచెలు

యంత్రము, ముడిసరుకు, పనివారు ఉన్నచో ఏ వస్తువైనను తయారగునని తోచును. కాని ఈ మూడును ఒకే వేళకు ఒకేచోట కూడనిచో మూడును వ్యర్థమే. నూలు వచ్చినను భీము సిద్ధము కాకున్న మగ్గము నిలిచిపోవును. మగ్గము నిలిచిన దినమున నేతగానికి కూలి లేదు. కావున వీనిని కూర్చు లెక్కయే పరిశ్రమకు ప్రాణము. ఆ లెక్క చిత్తు పుస్తకము నుండి కంప్యూటరులోనికి ఎట్లు చేరెనో, దానివలన లాభమేమో పాత కరీంనగరము జిల్లాలోని మూడు పట్టణముల పనులను బట్టి తెలిసికొనవచ్చును.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టుట వేలాది స్త్రీలకు జీవనాధారము. కార్ఖానావారు తునికాకును, తంబాకును తూచి ఇత్తురు. కార్మికురాలు ఇంటివద్ద బీడీలు చుట్టి, వేయింటికి ఇంత కూలి అను లెక్కన అప్పగించును. ఇచ్చిన ఆకు ఎంత, వచ్చిన బీడీలు ఎన్ని, పనికిరావని తీసివేసినవి ఎన్ని అను అంకెలు సరిగా పడిననే కూలి సరిగా ముట్టును.

జగిత్యాల జిల్లా ముత్యంపేటలో 2015 వరకు నడచిన చక్కెర కర్మాగారపు సమస్య వేరు. నరికిన చెరకులోని చక్కెర కాలము గడచినకొలది తరిగిపోవును. కావున ఏ పొలమున ఏ దినమున కోత పెట్టవలెనో గానుగల శక్తిని బట్టి ముందే నిర్ణయింపవలెను. బీడీల పనిలో లెక్క ముఖ్యముగా వస్తువునకు, చెరకు పనిలో కాలమునకు.

సిరిసిల్లలో ఈ రెండు లెక్కలును కలిసినవి. అచ్చట మరమగ్గములను సాంచెలందురు. నూలు కొని పని ఇచ్చు యజమాని, సాంచెలు గల ఆసామి, వానిని నడుపు కార్మికుడు వేర్వేరు. వార్పిన్‌లో నూలు పడుగై భీమునకు చుట్టుకొనును. వైపనివారు పేకకు కండెలు చుట్టుదురు. నేసిన గుడ్డ అద్దకమునకో, ఇతర సంస్కారములకో పోవును. ప్రతి మజిలీకి ఒక పుస్తకము, ఒక యజమాని. ఒకరి పుస్తకములో ఉన్నది మరొకరికి తెలియదు.

2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పేద కుటుంబముల స్త్రీలకు చీరలు పంచదలచి, ఆ నేతపనిని సిరిసిల్లకు ఇచ్చెను. కావలసిన చీరలు దాదాపు ఒక కోటి. పండుగ తేదీ ఎవరికొరకును ఆగదు. వ్యవధి చాలనందున ఆ యేడు కొంత భాగమును సూరతు నుండి తెప్పింపవలసి వచ్చెను.

ఇట్టి పనిలో లెక్క ఎట్లుండునో చిన్న ఉదాహరణముతో చూడవచ్చును. రవిక గుడ్డతో కలిపి చీర 6.30 మీటర్లనుకొనినచో, ఒక లక్ష చీరలకు 6,30,000 మీటర్ల గుడ్డ కావలెను. సాంచె దినమునకు 70 మీటర్లు నేసినచో, 100 సాంచెలు 7,000 మీటర్లు నేయును. అనగా నేతకే 90 దినములు పట్టును. దానికి ముందు నూలు, పడుగులకు 20 దినములు, తరువాత సంస్కారమునకు 15 దినములు అనుకొనిన, పండుగకు 125 దినముల ముందే నూలునకు కబురు పోవలెను. భీములు అందక నేత 10 దినములు నిలిచినచో 70,000 మీటర్లు తగ్గును. పండుగనాటికి 11,000కు పైగా చీరలు లేనట్లే.

ఈ విధముగా కడపటి తేదీ నుండి వెనుకకు లెక్కించు పద్ధతికి యంత్రరూపము నిచ్చినవాడు అమెరికాలోని జోసెఫ్ ఓర్లికీ. 1964లో ఆయన రూపొందించిన ఈ పద్ధతికి ముడిసరుకుల అవసర ప్రణాళిక యని పేరు. దానికి పూర్వము 1913లోనే ఫోర్డ్ హారిస్ ఒక్కొక్కసారి ఎంత సరుకు తెప్పించిన ఖర్చు తక్కువగునో సూత్రము చెప్పియుండెను. ఐనను వేలాది భాగముల లెక్కను చేతితో చేయుట అసాధ్యము. దానిని గణకయంత్రము సాధ్యము చేసెను.

విశేషమేమనగా ఆ యంత్రపు పూర్వచరిత్రలో ఒక మగ్గము కలదు. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో మగ్గమును నడిపెను. ఏ పడుగుదారము లేవవలెనో ఆ చిల్లులే నిర్ణయించును. 1890లో హోలెరిత్ అట్టి అట్టలతోనే అమెరికా జనాభాను లెక్కించెను. ఆయన స్థాపించిన సంస్థ ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చెను. అచ్చట పనిచేసి వెలుపలికి వచ్చిన ఐదుగురు 1972లో జర్మనీలో శాప్ సంస్థను నెలకొల్పిరి. కొనుగోలు, నిలువ, ఉత్పత్తి, కూలి, జమాఖర్చులను ఒకే గ్రంథములో చేర్చు వ్యవస్థలు ఇట్లు పెరిగినవి. 1990లో గార్ట్‌నర్ సంస్థ వానికి సంస్థా వనరుల ప్రణాళిక యని పేరు పెట్టెను. నేడు దానినే ఈ.ఆర్.పి. అందురు.

దీని ముఖ్యలాభము ఒకే అంకెను అందరును చూచుట. వార్పిన్‌లో భీము సిద్ధమైన క్షణమున ఆసామికి తెలియును. నూలు తగ్గుచున్న సంగతి సాంచె నిలువక ముందే కనిపించును. ఏ గుడ్డ ఏ నూలునుండి వచ్చినదో తెలియుటచే లోపము పుట్టినచోటు దొరకును. నేసిన మీటర్లు నమోదైనచో కూలి తగవులు తగ్గును. ఐతే ఆ గ్రంథము కార్మికునికి కూడ కనబడవలెను. లేనిచో అది యజమాని చేతి పుస్తకమే.

వ్యవస్థకు హద్దులును కలవు. 1999లో అమెరికాలోని హెర్షీ మిఠాయి సంస్థ పండుగ గిరాకీకి కొలది నెలల ముందే క్రొత్త వ్యవస్థను తొందరగా నెలకొల్పి, పది కోట్ల డాలర్లకు మించిన సరుకును సకాలమున పంపలేకపోయెను. తప్పు అంకె వేసిన తప్పు ఫలితమే వచ్చును. 2024 బతుకమ్మ పండుగకు చీరల పంపిణీ జరుగలేదు. ఆ యేడు సిరిసిల్లలో పని లేక పెక్కు సాంచెలు నిలిచినవి. ఏ కంప్యూటరును లేని గిరాకీని పుట్టింపజాలదు. ఉన్న పనిలో ఒక దినమైనను వృథా కాకుండ కాపాడుటయే దాని ప్రయోజనము. దినకూలిపై బ్రతుకు నేతగానికి ఆ ఒక దినము చిన్నది కాదు.