ప్రెస్ కమిషన్ చూపు మండలం దాకా రావాలి

పత్రికలపై సర్కారు విచారణ అనగానే మన ప్రాంతంలో పెత్తనమే గుర్తుకొస్తుంది. నిజాం ఏలుబడిలో పత్రిక పెట్టాలంటే అనుమతి కావాలి. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను తెచ్చింది ఆ కట్టడి నడుమే. అయినా, స్వతంత్ర భారతంలో విచారణ సంఘం కలంపట్టినవాడికి అండగా నిలిచిన సందర్భం ఉంది. ఆ అండ చట్టంలోకి ఎక్కినంత మేరకే నిలిచింది.

జస్టిస్ రాజాధ్యక్ష నాయకత్వాన 1952లో ఏర్పడిన మొదటి ప్రెస్ కమిషన్‌లో తెలుగువాడైన మానికొండ చలపతిరావు సభ్యుడు. పాత్రికేయుల సమాఖ్యకు తొలి అధ్యక్షుడూ ఆయనే. 1954లో నివేదిక వచ్చింది. మరుసటి ఏడే పాత్రికేయుల చట్టం వచ్చి పని గంటలకు, సెలవులకు, గ్రాట్యుటీకి, వేతన మండలికి దారి వేసింది. 1956లో పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం మొదలైంది. ఫిబ్రవరి వెళ్లాక వచ్చే తొలి సంచికలో యజమాని, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లతో ప్రకటన వేసే నిబంధన ఆ మార్పుల ఫలమే. డబ్బు ఎవరిదో పాఠకుడికి తెలియడం చిన్న సంగతి కాదు.

సర్కారు వేసిన సంఘం సర్కారు మాటే వింటుందనే అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. 1978లో వేసిన రెండో కమిషన్, 1980లో ప్రభుత్వం మారగానే, జస్టిస్ మాథ్యూ అధ్యక్షతన మళ్లీ ఏర్పడాల్సి వచ్చింది. మొదటి కమిషన్ కోరగా 1966లో వచ్చిన ప్రెస్ కౌన్సిల్‌ను ఎమర్జెన్సీ పాలకులు రద్దు చేశారు. పేజీల సంఖ్యను బట్టి ధర కట్టాలన్న సిఫార్సు చట్టమైతే, 1961లో సకాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇవన్నీ చెప్పేది ఒకటే: సంఘం స్వతంత్రంగా ఉండాలి, దాని సిఫార్సుపై కోర్టు కన్నుండాలి. విచారణే వద్దనడానికి ఇవి ఆధారాలు కావు.

అసలు లోటు వేరేచోట ఉంది. పాత్రికేయమే ముఖ్యవృత్తి అయినవారినే 1955 చట్టం లెక్కించింది. ఆ తర్వాత జిల్లా అనుబంధాలు వచ్చి, తెలుగు దినపత్రికలు మండల విలేకరుల మీద ఆధారపడ్డాయి. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వెలసిన దామరచర్ల లాంటి మండలంలో భూమి, బూడిద, నీటి సంగతులు రాయాల్సింది ఆ విలేకరే. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటుతో బతకలేక మరో పని చూసుకుంటే, ముఖ్యవృత్తి కాదన్న మాట అతణ్ని చట్టం బయట నిలబెడుతుంది. ఇకపై ఏ సంఘం వేసినా, మొదట అతని జీతం, అతని రక్షణ విచారించాలి.