బద్వేలు సీమలో కాలువ, రహదారి, పారిశ్రామిక వసతులు: పర్యావరణ చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం

పారిశ్రామిక పార్కు వల్ల కలిగే పర్యావరణ ప్రభావాన్ని సాధారణంగా దాని ప్రహరీ లోపలి భూమిని బట్టి అంచనా వేస్తారు. పార్కు కోసం పొడిగించే రోడ్డు, నీటి గొట్టపు మార్గం, విద్యుత్ లైను తెచ్చే మార్పులు ఆ అంచనాలోకి పూర్తిగా రావు. కడప జిల్లా బద్వేలు ప్రాంతానికి చెందిన పోరుమామిళ్ల చెరువు శాసనం (1369), కలివి కోడి పునర్దర్శనం (1986), తెలుగుగంగ కాలువ వివాదం (2005), ప్రస్తుత బద్వేలు–నెల్లూరు రహదారి విస్తరణలను ఆధారంగా చేసుకుని ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బద్వేలు, పోరుమామిళ్ల శాసనం, కలివి కోడి, తెలుగుగంగ, కొప్పర్తి, చిట్టడవి.

1. ఉపోద్ఘాతం

బద్వేలుకు పడమట లంకమల కొండలు, తూర్పున వెలిగొండలు ఉన్నాయి. నడుమ సగిలేరు పారే లోయ వర్షాభావ ప్రాంతం. ఈ పట్టణం మీదుగా సాగే 67వ జాతీయ రహదారి రాయలసీమ మెట్ట ప్రాంతాన్ని నెల్లూరుతోనూ, కృష్ణపట్నం రేవుతోనూ కలుపుతుంది.

2024 జూలై నాటి కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో కడప సమీపంలోని కొప్పర్తి, కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రాలకు నీరు, విద్యుత్తు, రైల్వే, రోడ్డు వసతుల కోసం నిధులు సమకూరుస్తామన్న ప్రకటన వెలువడింది. ఆ ఏడాది ఆగస్టులో ఈ రెండు కేంద్రాలకూ కేంద్ర మంత్రివర్గ ఆమోదం లభించింది. 2025 మే 28న బద్వేలు సమీపంలోని గోపవరం నుండి నెల్లూరు జిల్లా గురువిందపూడి వరకు 108.134 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారిని రూ. 3,653.10 కోట్లతో నిర్మించడానికి మంత్రివర్గం అంగీకరించింది. రేవుకు దూరం 142 కిలోమీటర్ల నుండి 108కి తగ్గుతుందని, కొప్పర్తి, ఓర్వకల్లు, కృష్ణపట్నం కేంద్రాలకు ఈ దారి ఉపకరిస్తుందని ప్రభుత్వం పేర్కొంది.

ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వలస వెళ్లే జిల్లాలో ఈ ఆశను తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. దూరం తగ్గితే ఇంధనం ఆదా కావడమూ వాస్తవమే. అయితే ఈ లాభానికి ఎదురుగా ఏ నష్టాన్ని లెక్కించాలి, ఎప్పుడు లెక్కించాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ ప్రశ్నకు బద్వేలు సీమ చరిత్రలోనే కొంత సమాధానం ఉంది.

2. పోరుమామిళ్ల శాసనం: ముందుగా దోషగణన

బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువును విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కర భవదూరుడు నిర్మించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఈ విషయాన్ని తెలుపుతోంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు అందులో ఉంది.

దానవర్ణనకు పరిమితం కాకుండా చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఈ శాసనం పేర్కొనడం విశేషం. కట్ట నుండి నీరు కారడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, చోటు చాలక నీరు అధికం కావడం ఆ దోషాలు. వీటిలో అధికభాగం స్థలానికి సంబంధించినవి, కట్టడం పూర్తయ్యాక సరిదిద్దడానికి వీలుకానివి. అంగాల్లో జలశాస్త్రం తెలిసిన పండితుడికీ చోటుంది. అంటే నిర్మాణానికి ముందే స్థలపరీక్ష జరగాలన్న స్పృహ ఈ ప్రాంతానికి ఆరున్నర శతాబ్దాల క్రితమే ఉంది. ఆనాటి దోషగణన మనిషి అవసరాన్ని కేంద్రంగా చేసుకున్నదే. పొదలూ పక్షులూ అందులో కనిపించవు. ఆ వెలితి తరువాతి కాలంలో ఒక పక్షి ద్వారా బయటపడింది.

3. కలివి కోడి: ‘బంజరు’ భూమికి మరో పేరు

1848లో శాస్త్రలోకానికి పరిచయమైన జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందని భావించారు. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందం లంకమల దాపున రెడ్డిపల్లి ప్రాంతంలో దీన్ని మళ్లీ గుర్తించింది. అందుకు తోడ్పడినవారు స్థానిక వేటగాళ్లు. శాస్త్రజ్ఞులు పోగొట్టుకున్న పక్షికి ఊరి భాషలో ‘కలివి కోడి’ అనే పేరు నిలిచే ఉంది. కలివి ఇక్కడి ముళ్లపొద.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దట్టమైన అడవి గానీ, పూర్తిగా బయలు గానీ ఈ పక్షికి నప్పవని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఎత్తయిన పొదలు పలచగా ఉండి, వాటి మధ్య ఖాళీనేల ఉన్న చిట్టడవి దానికి అవసరం. అది రాత్రి సంచరిస్తుంది. రెవెన్యూ భాషలో సులభంగా ‘బంజరు’గానో ‘పోరంబోకు’గానో నమోదయ్యే భూమి ఇటువంటిదే. ఏ నిర్మాణానికైనా ముందుగా చూపించేది కూడా ఈ భూమినే. పరిభాషలో విలువలేనిదైన నేలకు నష్టం జరిగినా అది నష్టంగా నమోదు కాదు.

4. తెలుగుగంగ: గీత జరిగిన సందర్భం

1983లో మొదలైన తెలుగుగంగ పథకం కృష్ణాజలాలను రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల మీదుగా మద్రాసుకు చేర్చడానికి ఉద్దేశించినది. బ్రహ్మంసాగర్, సోమశిల జలాశయాలు ఇందులో భాగం. 2005లో దీని కాలువ తవ్వకం కలివి కోడి ఆవాసంలోకి ప్రవేశించింది. అక్కడ పరిశోధన చేస్తున్న శాస్త్రజ్ఞులు ఈ ముప్పును వెల్లడించారు. అటవీశాఖ పనిని ఆపింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ మార్గం మారింది.

ఈ ఘట్టం రెండు విషయాలను బోధిస్తుంది. మొదటిది, గీతను జరపవచ్చు. కాలువ మార్గం మారినంత మాత్రాన సాగునీటి ఆశయం రద్దు కాలేదు. రెండవది, యంత్రాలు పొదల్లోకి దిగిన తరువాత జరిపిన గీత అప్పటికే పోయిన పొదలను తిరిగి తేలేదు. స్థలపరీక్ష నిర్మాణానికి ముందు జరగవలసినది, ఇక్కడ తవ్వకం మధ్యలో జరిగింది.

5. పార్కు, దారి, తీగ, గొట్టం: విడివిడి లెక్కలు

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పారిశ్రామిక పార్కులను, రహదారులను వేర్వేరు అంశాలుగా చూస్తుంది. విద్యుత్ సరఫరా లైన్లు, నీటి గొట్టపు మార్గాలు దాని షెడ్యూలులో లేవు. ఒకే ప్రయోజనం కోసం వచ్చే నాలుగు నిర్మాణాల ఉమ్మడి ప్రభావం ఏ ఒక్క నివేదికలోనూ సంపూర్ణంగా కనిపించకపోవడానికి ఇదే కారణం.

మెట్ట ప్రాంతంలో ఆ ప్రభావం ప్రత్యేకమైనది. వాలునేల మీద వాననీరు పలచగా పారి వంకల ద్వారా చెరువులకు చేరుతుంది. ఎత్తైన రోడ్డు కట్ట ఆ పారుదలకు అడ్డుపడితే కల్వర్టు ఉన్నచోట నేల కోసుకుపోతుంది, లేనిచోట దిగువ చెరువు ఎండుతుంది. కట్టకు కావలసిన గ్రావెల్ సమీప గుట్టల నుండి వస్తుంది. కదిలిన నేలలో సర్కారు తుమ్మ త్వరగా వ్యాపిస్తుంది. రాత్రి వెలుగు నిశాచర జీవులకు ఆటంకం. తీగల విషయానికొస్తే, రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్టలు విద్యుత్ తీగలకు తగిలి మరణిస్తున్నందున సుప్రీంకోర్టు 2021లో భూగర్భ లైన్ల గురించి ఆదేశాలిచ్చి, 2024లో వాటిని సవరించింది. అదే పిట్ట కోసం 1988లో కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడిందన్న సంగతి రాయలసీమ పరిశోధకులు గుర్తుంచుకోవలసినది. వీటన్నిటికీ తోడు, దారి పడిన చోట భూమి ధర పెరిగి చిట్టడవి వెంచర్లుగా, తోటలుగా మారే ఒత్తిడి మొదలవుతుంది. ఈ మార్పు నిర్మాణం పూర్తయ్యాక కూడా ఆగదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పార్కు నష్టాన్ని విస్తీర్ణంతో కొలిచినట్లే, దాని కోసం వేసే దారి, తీగ, గొట్టాల నష్టాన్ని పొడవుతోనూ, అవి దాటే వంకలతోనూ కొలవాలి. నాలుగింటికీ ఒకే మదింపు జరగాలి.

2. ‘బంజరు’ అన్న రెవెన్యూ పదాన్ని పర్యావరణ నిర్ధారణగా స్వీకరించరాదు. కలివి కోడి వంటి స్థానిక నామాలు ఆ భూమి గురించి మరొక సాక్ష్యం పలుకుతాయి. వాటిని సేకరించడం తెలుగు శాఖల పరిశోధనలోనూ భాగం కావాలి.

3. తెలుగుగంగ ఉదంతం మార్గం మార్చడం సాధ్యమని నిరూపించింది. పోరుమామిళ్ల శాసనం ఆ పని ఎప్పుడు చేయాలో సూచించింది.

గోపవరం నుండి వెలిగొండలు దాటి తూర్పుకు సాగే కొత్త రహదారి విషయంలో ఈ రెండు పాఠాలూ కలిసి వర్తిస్తాయి. దోషాలను లెక్కించవలసిన సమయం గీత ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే.