వీధిలో పిల్లల వాటా

హాలెండు పేరు చెప్పగానే మనకి తులిప్ పూలూ, గాలిమరలూ, సైకిళ్ళూ జ్ఞాపకం వస్తాయి. అక్కడి సైకిలు బాటలు తాతలనాటి నుంచీ ఉన్నవేనని చాలామంది అనుకుంటారు. కాదండీ. అడిగి, పోరి, రోడ్డుకి అడ్డంగా కూర్చుని సాధించుకున్నవి. అలా సాధించినవాళ్ళలో మనవంటి తల్లులు చాలామంది ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆమ్‌స్టర్‌డామ్ వీధుల నిండా సైకిళ్ళే. యుద్ధం ముగిసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి కార్లు వచ్చాయి. వీధులు చాలలేదు. ఇళ్ళు పడగొట్టి రోడ్లు వెడల్పు చెయ్యడం మొదలుపెట్టారు. 1954లో ఆ ఊరి పోలీసు పెద్ద అయితే కాలవలు కొన్ని పూడ్చేసి రోడ్లు వెయ్యమన్నాడు! కాలవలు లేని ఆమ్‌స్టర్‌డామ్ ఏం ఆమ్‌స్టర్‌డామో ఆయనకే తెలియాలి.

ఈ హడావిడిలో నలిగిపోయింది పిల్లలు. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది పోయారు. వారిలో 400 మందికి పైగా పసివాళ్ళు. సైకిలు మీద బడికి వెళుతూ చనిపోయిన ఒక పాప తండ్రి విక్ లాంగెన్‌హాఫ్ పత్రికా రచయిత. 1972లో ఆయన రాసిన వ్యాసం పేరు ‘పిల్లల హత్య ఆపండి’. ప్రమాదం అనలేదు చూశారా, హత్య అన్నాడు. తలరాత అనుకుంటే ఎవర్నీ నిలదియ్యలేం. హత్య అంటే మాత్రం, చేసిందెవరని అడిగి తీరాలి. ఆ మాటకి అంత బలం అందుకే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఆ పేరుతోనే ఒక సంఘం పుట్టింది. దాని మొదటి అధ్యక్షురాలు మార్త్యే వాన్ పుట్టెన్, అప్పటికి ఆమ్‌స్టర్‌డామ్‌లో కాపురం ఉంటున్న పడుచు తల్లి. తరవాతి రోజుల్లో ఐరోపా పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. ఈ సంఘం వాళ్ళు ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్ల బైఠాయించారు. ఒక వీధి మూసేసి, ఇళ్ళలోంచి బల్లలు తెచ్చి, నడివీధిలో భోజనాలు చేశారు. పోలీసులు అదిలించలేదు సరికదా, సాయం చేశారట! వాయిద్యం బిగించిన సైకిళ్ళ మీద ప్రధానమంత్రి డెన్ ఔల్ ఇంటికి వెళ్ళి, పాటలు పాడి, మా పిల్లలకు భయంలేని వీధులు ఇప్పించమన్నారు. అదే కాలంలో డె పైప్ అనే ఇరుకు పేటలో బడిపిల్లలే ఆడుకునే చోటు కోసం ఉద్యమించారు. వీధి మూసినప్పుడు కారువాళ్ళతో తగువులూ అయ్యాయి.

ఇంతలో 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. నవంబరు 4 నుంచి 1974 జనవరి 6 దాకా ఆదివారాలు కార్లు బయటికి తియ్యకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. పెద్ద పెద్ద రహదారుల మీద పిల్లలు చక్రాల బూట్లతో జారుతూ ఆడుకున్నారు. పోగొట్టుకున్నదేమిటో పెద్దవాళ్ళకు అప్పుడు కళ్ళారా కనబడింది.

1975లో సైకిలువాళ్ళ సంఘం ఏర్పడింది. వాళ్ళు రాత్రిపూట రంగు డబ్బాలు పట్టుకెళ్ళి, అనుమతీ గినుమతీ లేకుండా రోడ్డు మీద సైకిలు బాటలు గీసేసేవారు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ప్రయోగానికి మంచి బాటలు వేయించింది. బేరాలు పోతాయని హేగ్‌లో షాపులవాళ్ళు గోల పెట్టారు.

డెల్ఫ్ట్ ఊళ్ళో మరో పద్ధతి పుట్టింది. వీధిని వంకర్లు తిప్పి, చెట్లూ బెంచీలూ పెట్టి, కారు మనిషి నడకతో సమానంగా పోయేట్టు చేశారు. దీని పేరు వోనెర్ఫ్. అంటే ఇంటి ముంగిలి లాంటి వీధి. 1976లో దీనికి చట్టం వచ్చింది.

2010 నాటికి ఆ దేశంలో రోడ్డు మీద పోయిన పిల్లల సంఖ్య 14కి దిగింది. అదంతా తల్లుల చలవే అనను. సీటు బెల్టులూ, మెరుగైన వైద్యమూ కూడా కలిశాయి. వోనెర్ఫ్ మొదట్లో పెట్టే నీలం పలక మీద ఒక ఇల్లూ, ఒక పెద్దమనిషీ, బంతాడే పిల్లవాడూ, ఒక కారూ ఉంటాయి. ఆ వీధిలో పిల్లలు ఆడుకోవచ్చు. తొందరపడకుండా నడపవలసింది కారువాడే.