మేన అన్న మాట

తమిళనాడు ధర్మపురిలో తమిళుల ఇంట పిల్లకు చెవులు కుట్టిస్తే, కూర్చోబెట్టేది తాయ్‌మామన్ ఒడిలో. పక్క వీధి తెలుగువాళ్లకు ఆయన మేనమామ. తమిళం తల్లిని పట్టుకుంది, తెలుగు మేనును పట్టుకుంది. మేను అంటే ఒళ్లు. తమిళంలో దీని తోబుట్టువు ‘మేని’కి ఒళ్లనీ అర్థమే, ఒంటి రంగనీ అర్థమే. తెలుగు మాత్రం ఆ ఒంటిని చుట్టరికంలోకి తెచ్చి మేనత్త, మేనకోడలు, మేనల్లుడు అంది. వీళ్లను మళ్లీ పెళ్లితో కలిపితే మేనరికం అంది.

చదువుకున్న తెలుగులో దీని పక్కనే ‘రక్తసంబంధం’ ఉంది. సంస్కృతంలో రక్తమంటే రంగు పట్టినది, ఎర్రనిది. తరాల మధ్య దిగివచ్చేదాన్ని చెప్పడానికి ఒళ్లు సరైన మాటా, నెత్తురా? చంటిబిడ్డ బ్లడ్ గ్రూపును అడిగి చూద్దాం.

ఎ, బి అనేవి ఎర్రకణం మీది చక్కెర గొలుసుల కొసలు. తొమ్మిదో క్రోమోజోము మీది జన్యువు ఆ చక్కెరను తయారు చేయదు, దాన్ని కొసకు అతికించే ఎంజైమును తయారు చేస్తుంది. గ్రూపు ఏదన్నది కడుపులో పడ్డనాడే తేలిపోతుంది. కానీ పుట్టినప్పుడు ఆ గొలుసులు కొమ్మలు సరిగా వేయవు, అతికించే చోట్లు తక్కువ. ఎ గ్రూపు పసికందు కణం మీద ఆ గుర్తులు పెద్దవాళ్లలో ఉండేవాటిలో సుమారు మూడో వంతే. కొమ్మలు వేయించే ఎంజైముకు వేరే జన్యువు ఉంది. దాని పని సాగి, గుర్తులు నిండుగా కనబడేసరికి బిడ్డకు రెండు నుంచి నాలుగేళ్లు వస్తాయి. బిడ్డ సీరంలో దొరికే యాంటీబాడీలు కూడా తల్లివే. సొంతవి మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలవుతాయి. అందుకే పసిపిల్లల గ్రూపును కణాలతోనే చూస్తారు, సీరంతో సరిచూడరు.

ఆర్‌హెచ్ డి తీరు వేరు. అది చక్కెర కాదు, ప్రోటీను. జన్యువు నేరుగా రాసిన సరుకు కాబట్టి పుట్టేనాటికే నిండుగా ఉంటుంది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే, ఆ డి మీద ఆమె ఒళ్లు యాంటీబాడీలు తయారు చేయకుండా 72 గంటల్లోగా ఆమెకు యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. తల్లీబిడ్డల ఎ, బి తేడాల వల్ల బిడ్డకు వచ్చే కామెర్లు మాత్రం ఎక్కువసార్లు తేలిగ్గానే పోతాయి. కణాల మీద గుర్తులు పలచన, పైగా అవే గుర్తులు ఒంట్లో ఇతర చోట్లా ఉండి తల్లి యాంటీబాడీలను పంచుకుంటాయి.

ఆ ‘ఇతర చోట్లు’ రక్తనాళాల లోపొర, పేగు పొర. చాలామందిలో లాలాజలం కూడా. లూయిస్ అనే మరో రక్త గ్రూపు ఇంకా విచిత్రం. ఎర్రకణం దాన్ని తయారు చేయనే చేయదు. పేగులూ ఇతర కణజాలాలూ చేసినది ప్లాస్మాలో తేలివచ్చి కణానికి అంటుకుంటుంది. నవజాత శిశువుల్లో అది సాధారణంగా కనిపించదు, స్థిరపడేసరికి ఆరేళ్లు పట్టవచ్చు. ఇక్కడ నెత్తురు అప్పు తెచ్చుకునేది మేను దగ్గరే. కాబట్టి పాత మాటే గెలిచింది.

అయితే ఆ మాటకూ ఒక పక్షపాతం ఉంది. నాన్న చెల్లెలు మేనత్త, నాన్న తమ్ముడు చిన్నాన్న. ఇద్దరూ బిడ్డకు జన్యువుల లెక్కలో ఒకే దూరం. ‘మేన’ పెళ్లికి తెరిచిన వైపునే సూచిస్తుంది. జన్యువుకు ఆ వరస తెలియదు.

వరసకన్నా దూరం ఎందుకు ముఖ్యమో బాంబే గ్రూపు చూపిస్తుంది. 1952లో భెండే, ఆయన సహచరులు దీన్ని వెల్లడించారు. ఎ, బి రెండింటికీ ఆధారం హెచ్ అనే గుర్తు. దాన్ని అతికించే ఎంజైము జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోతే ఎ, బి నిలవడానికి చోటే ఉండదు. మామూలు పరీక్షలో ఓ అనిపించే ఆ మనిషికి ఓ గ్రూపు రక్తమూ పడదు. ఒకే పూర్వీకుడి జన్యుప్రతి రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే అవకాశం మేనత్త బిడ్డనో మేనమామ బిడ్డనో చేసుకునే పెళ్లిలో 1/16, మేనమామ, మేనకోడళ్ల పెళ్లిలో 1/8.

ధర్మపురి ఆసుపత్రిలో అడిగేది తమిళంలో: సొందమా? చుట్టరికమా అని. తెలుగు తల్లి చెవికి అది ‘సొంతమా’ అన్నట్టే ఉంటుంది. మేనరికమే అని ఆమె చెబితే ‘సొందం’ కన్నా ఎక్కువ చెప్పినట్టే. కానీ లెక్క అక్కడితో తెగదు. పెళ్లాడింది మేనమామనా, మేనమామ కొడుకునా? ఆ రెండో ప్రశ్న అడిగి తీరాలి, ఎందుకంటే మేనరికం అన్న ఒక్క మాట ఆ రెండు దూరాలనూ ఒకే గాటన కడుతుంది.